రెండు జాతుల జంతువుల ప్రవర్తనను పోల్చి చూడడం ఎలా: ప్రశ్న రాయడం నుంచి ఫలితం సరిచూసుకోవడం దాకా

రెండు మూడు జాతుల జంతువుల ప్రవర్తనను పోల్చే చిన్న అధ్యయనం చేయాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. వారిలో జంతుశాస్త్ర విద్యార్థులున్నారు, పక్షులను చూడడం అలవాటైనవారున్నారు, పిల్లల చేత సైన్సు ప్రాజెక్టు చేయించాల్సిన ఉపాధ్యాయులున్నారు. చాలామంది అప్పటికే కొంత పని చేసి ఉంటారు. చాలాసేపు చూశాం, నోటుబుక్కు నిండా రాసుకున్నాం, ఇప్పుడు దీన్నుంచి ఫలితం ఎలా తీయాలి అన్నది వారి ప్రశ్న. ఆ దశలో చేయగలిగింది తక్కువ. ఏం కొలవాలో, ఎలా కొలవాలో పరిశీలనకు ముందే తేల్చుకోకపోతే చివర్లో ఏ గణితమూ ఆదుకోదు.

ఈ వ్యాసంలో ఒకే ఉదాహరణను చివరిదాకా వాడుతున్నాను. నేల మీద మేసే పావురాలు, గోరింకలు మేత మధ్యలో తల ఎత్తి చుట్టూ చూస్తుంటాయి. గుంపు పెద్దదైతే కాపలా కాసే కళ్లు పెరుగుతాయి కనుక ఒక్కో పక్షి తల ఎత్తే సమయం తగ్గాలి. ఈ తగ్గుదల రెండు జాతుల్లోనూ ఒకేలా ఉంటుందా అన్నది మన ప్రశ్న. మీరు కోతులను గమనించినా, ఉడుతలను గమనించినా, అక్వేరియంలోని చేపలను గమనించినా అడుగులు ఇవే.

కావలసినవి

గట్టి అట్ట మీద క్లిప్పుతో బిగించిన ముద్రిత షీట్లు, పెన్సిలు, నిర్ణీత వ్యవధికొకసారి శబ్దం చేసే టైమర్, బైనాక్యులర్స్. బైనాక్యులర్స్ కొత్తగా తీసుకుంటుంటే 8x42 రకం చాలు. అంతకన్నా పెద్దదిగా చూపించేవి చేతిలో వణుకుతాయి. స్టాండు మీద నిలబెట్టిన మొబైల్ కెమెరా ఉంటే మేలు, ఎందుకంటే వీడియోను మళ్లీ చూడవచ్చు, మరొకరికి చూపించవచ్చు. వీడియో నుంచి ప్రవర్తనలను నమోదు చేయడానికి బోరిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, లేకపోతే స్ప్రెడ్‌షీట్ సరిపోతుంది. వీటన్నిటికన్నా ముఖ్యంగా మీతోపాటు కొంతసేపైనా పనిచేసే రెండో మనిషి కావాలి. ఎందుకో ఐదో అడుగులో చూస్తారు.

పరిశీలించే చోటు రక్షిత ప్రాంతమైనా, జంతు ప్రదర్శనశాల అయినా, ఇతరుల స్థలమైనా ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోండి. కళాశాల తరఫున చేస్తుంటే, కేవలం చూడడమే అయినా, జంతు నైతికత కమిటీకి తెలపాలా అని అడిగి తెలుసుకోండి.

1. ప్రశ్నను ఒక వాక్యంలో రాయండి

‘పావురాల ప్రవర్తన, గోరింకల ప్రవర్తన: ఒక పరిశీలన’ అన్నది ప్రశ్న కాదు, శీర్షిక. ప్రశ్నలో ఏం కొలుస్తారో, ఏది మారితే అది మారుతుందని అనుకుంటున్నారో రెండూ ఉండాలి. ‘మేస్తున్న గుంపులో పక్షుల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కో పక్షి తల ఎత్తి ఉండే వంతు ఎంత తగ్గుతుంది, ఆ తగ్గుదల పావురాల్లోనూ గోరింకల్లోనూ ఒకేలా ఉందా’ అని రాస్తే ఏ గళ్లు గీయాలో షీటుకే తెలిసిపోతుంది.

జంతు ప్రవర్తన శాస్త్రవేత్త నికో టిన్‌బర్గెన్ 1963లో ప్రవర్తన గురించి నాలుగు రకాల ప్రశ్నలు వేయవచ్చని చెప్పాడు: ఇప్పుడు దాన్ని ఏది కలిగిస్తోంది, ఆ జీవి పెరుగుదలలో అది ఎలా ఏర్పడింది, బతకడానికి ఎలా ఉపయోగపడుతోంది, పరిణామ క్రమంలో ఎలా వచ్చింది. మీ ప్రశ్న వీటిలో ఏ రకమో ఒక మాట రాసి పెట్టుకోండి. ‘గోరింక ఎందుకు తల ఎత్తుతుంది’ అని అడిగి, సగం జవాబు ఒక రకంగా, మిగతా సగం ఇంకో రకంగా చెప్పే నివేదికలు చాలానే కనిపిస్తాయి.

2. జాతులను ఎంచుకోండి, కానీ ఆ ఎంపిక ఎంతవరకు మోయగలదో తెలుసుకోండి

రెండు జాతులను పోల్చి, తేడా కనిపించగానే దానికి ఒక కారణం అంటగట్టడం ఈ రంగంలో అతి పాత తప్పు. పావురానికీ గోరింకకూ మధ్య శరీర పరిమాణం, తిండి, కళ్ల అమరిక, గూడు కట్టే చోటు, బంధుత్వ శాఖ అన్నీ వేరు. వీటిలో ఏది తేడాకు కారణమో రెండు జాతుల సమాచారం ఎన్నటికీ చెప్పలేదు. ఎన్ని వందల పక్షులను చూసినా పోలిక దృష్ట్యా మీ దగ్గర ఉన్నవి రెండు బిందువులే. ఎక్కువ జాతులను తీసుకున్నా దగ్గరి బంధువులు ఒకదానినొకటి పోలి ఉంటాయి కనుక వాటిని విడివిడి సాక్ష్యాలుగా లెక్కించకూడదు. దీన్ని సరిదిద్దే గణిత పద్ధతిని జోసెఫ్ ఫెల్సెన్‌స్టీన్ 1985లో ప్రచురించాడు, ఇప్పుడు పెద్ద అధ్యయనాలన్నీ ఆ దారిలోనే నడుస్తున్నాయి.

చిన్న ప్రాజెక్టుకు నేను సూచించే దారి వేరు. రెండు జాతుల స్థాయిలను నేరుగా పోల్చకండి. ఒక్కో జాతి లోపల పరిస్థితి మారినప్పుడు ప్రవర్తన ఎంత మారిందో కొలిచి, ఆ మార్పులను పోల్చండి. ‘గోరింక పావురం కన్నా ఎక్కువ జాగ్రత్త గలది’ అన్న వాక్యాన్ని నిలబెట్టడం దాదాపు అసాధ్యం. ‘గుంపు పెరిగితే రెండింటిలోనూ తల ఎత్తడం తగ్గింది, గోరింకల్లో ఇంకొంచెం వేగంగా తగ్గింది’ అన్న వాక్యాన్ని నిలబెట్టవచ్చు.

3. ప్రవర్తనల పట్టిక తయారుచేయండి

దీన్నే ఎథోగ్రామ్ అంటారు. మొదటి రెండు మూడు సార్లు వెళ్లినప్పుడు లెక్కలేవీ పెట్టుకోకుండా ఊరికే చూసి, కనిపించిన ప్రతి ప్రవర్తనకూ పేరు, నిర్వచనం రాసుకోండి. నిర్వచనంలో శరీర భాగాలు, కదలికలు మాత్రమే ఉండాలి. ‘భయపడింది’, ‘కోపంగా ఉంది’, ‘ఆడుకుంటోంది’ అన్నవి మీ వ్యాఖ్యానాలు, అవి పట్టికలోకి రాకూడదు. మకాక్ కోతి పళ్లు బయటపెట్టినప్పుడు చూసేవారికి అది నవ్వులా అనిపిస్తుంది, చాలా సందర్భాల్లో అది లొంగుబాటుకో భయానికో సంకేతం. ‘పెదవులు వెనక్కి లాగి పళ్లు కనిపించేలా నోరు తెరవడం’ అని రాస్తే తర్వాత అర్థం మారినా నమోదు చెడిపోదు.

మన ఉదాహరణలో తొలి ముసాయిదా ఇలా ఉంటుంది:

తల కింద: ముక్కు మొన భుజం మట్టం కన్నా దిగువన ఉండడం.
తల పైన: ముక్కు మొన భుజం మట్టంలో గానీ అంతకన్నా ఎగువన గానీ ఉండడం.
ఈకలు సవరించడం: ముక్కు ఈకలకు తాకుతూ కదలడం.
ఇతరం: పై మూడింటిలో ఏదీ కానిది.
కనిపించలేదు: తల స్థితి చెప్పలేనంతగా అడ్డు ఉండడం.

చివరి రెండు గళ్లను వదిలేయకండి. ‘కనిపించలేదు’ అన్న గడి లేకపోతే పరిశీలకులు ఊహించి టిక్కు పెడతారు.

ఇప్పుడు ఆగి, ఈ నిర్వచనాలు రెండు జాతులకూ ఒకే అర్థం ఇస్తాయా అని అడగండి. నీటి గుంట దగ్గర చూస్తే సమస్య కళ్లకు కడుతుంది. పావురం ముక్కును నీటిలో ముంచి, తల ఎత్తకుండానే పీల్చుకుంటూ తాగుతుంది. గోరింక ముక్కుతో కొంచెం నీళ్లు తీసుకుని, అవి గొంతులోకి జారడానికి తల వెనక్కి వంచి, మళ్లీ కిందికి వంగుతుంది. ఒక నిమిషం లెక్క పెడితే గోరింక పలుమార్లు తల ఎత్తినట్టు, పావురం ఒకటి రెండుసార్లే ఎత్తినట్టు షీటు చూపిస్తుంది. గోరింక చుట్టూ చూస్తోందన్న ముగింపుకు అక్కడ ఆధారమే లేదు, అది నీళ్లు మింగుతోంది. కళ్ల విషయమూ ఇంతే. పావురం కళ్లు తలకు రెండు పక్కలా ఉండి దాదాపు చుట్టూ కనిపించేలా అమరి ఉంటాయి కనుక తల కిందికి ఉన్నంత మాత్రాన అది ఏమీ చూడడం లేదని అనలేం.

అందువల్ల నీటి దగ్గర పరిశీలనలు వదిలేసి మేత దగ్గరివే తీసుకోండి. ‘తల పైన’ను రెండుగా విడగొట్టి, ముక్కులో తిండి ఉన్నప్పుడూ మింగుతున్నప్పుడూ ఒక గడి, ముక్కు ఖాళీగా ఉన్నప్పుడు ఇంకో గడి పెట్టండి. అయినా కొంత అసమానత మిగులుతుంది. రెండో అడుగులో స్థాయిలను కాక మార్పులను పోల్చమన్నది అందుకే. ఆ అసమానత ఒకే జాతి చిన్న గుంపులోనూ పెద్ద గుంపులోనూ దాదాపు ఒకేలా ఉంటుంది.

4. ఏ పక్షిని, ఎంతసేపు, ఎంత వ్యవధిలో చూడాలో తేల్చండి

జీన్ ఆల్ట్‌మన్ 1974లో ప్రచురించిన వ్యాసం తర్వాత ఈ పద్ధతుల పేర్లు స్థిరపడ్డాయి. ఒకే జంతువును నిర్ణీత సమయం పాటు వెంబడిస్తే ఫోకల్ శాంప్లింగ్. గుంపులోని అన్నింటినీ ఒక చివర నుంచి ఇంకో చివరకు వరసగా చూస్తూ ఆ క్షణంలో ఏది ఏం చేస్తోందో రాస్తే స్కాన్ శాంప్లింగ్. కంటికి ఆసక్తిగా కనిపించింది కనిపించినట్టు రాస్తే అది యథేచ్ఛ నమోదు. ప్రవర్తనల పట్టిక తయారుచేసే దశలో పనికొస్తుంది గానీ లెక్కలకు పనికిరాదు, ఎందుకంటే గొడవలు, వింత చేష్టలు కంటపడతాయి, ఊరికే నిలబడడం కంటపడదు.

మన ప్రశ్నకు ఫోకల్ పద్ధతి తీసుకుందాం. ఒక పక్షిని ఐదు నిమిషాలు చూస్తూ, టైమర్ ప్రతి 10 సెకన్లకు శబ్దం చేసిన క్షణంలో అది ఏ స్థితిలో ఉందో అదే రాయండి. అలా ఒక్కో పక్షికి 30 నమోదులు వస్తాయి. శబ్దానికి ముందు జరిగింది, తర్వాత జరిగింది రాయకండి. శబ్దం వచ్చాక అర సెకను ఆగి, తల ఎత్తాక టిక్కు పెట్టడం కొత్తవారందరూ తెలియకుండానే చేసే పని.

క్షణంలో ముగిసిపోయే ప్రవర్తనలకు, అంటే పొడవడం, కూత పెట్టడం లాంటి వాటికి ఈ పద్ధతి సరిపోదు, చాలావరకు రెండు శబ్దాల మధ్యనే జరిగిపోతాయి. అవి కావాలంటే జరిగిన ప్రతిసారీ లెక్కపెట్టండి.

పక్షిని మీ కంటితో ఎంచుకోవద్దు. గుంపును ఎడమ నుంచి లెక్కపెట్టి, ముందే చీటీల మీద రాసి కలిపి ఉంచిన సంఖ్యల్లోంచి ఒకటి తీసి, ఆ సంఖ్య దగ్గరి పక్షిని తీసుకోండి. కంటికి నచ్చిన పక్షి దాదాపు ఎప్పుడూ చురుకుగా కదిలే పక్షే అయి ఉంటుంది. కాళ్లకు గుర్తులు లేని పక్షులను ఒకదాని నుంచి ఇంకోదాన్ని వేరుగా గుర్తించలేం కాబట్టి ఒకే గుంపు నుంచి ఒక్క పక్షినే తీసుకుని, తర్వాతి దానికి ఇంకో చోటుకు వెళ్లండి. చోట్లు తక్కువైతే కనీసం గుంపు ఎగిరిపోయి కొత్త గుంపు చేరేదాకా ఆగండి, ఒకే పక్షి మళ్లీ వచ్చి ఉండవచ్చన్న సంగతి నివేదికలో రాయండి.

ఎన్ని పక్షులు కావాలన్న ప్రశ్నకు అన్ని సందర్భాలకూ చెల్లే సంఖ్య లేదు. చిన్న ప్రాజెక్టులో ఒక్కో జాతిలో చిన్న గుంపులకు 20, పెద్ద గుంపులకు 20 పక్షులు ఉంటే చెప్పుకోదగిన బొమ్మ వస్తుందని నా అభిప్రాయం. ఐదేసి పక్షులతో వచ్చే తేడాను నేనైతే నమ్మను.

5. ఇద్దరి నమోదులు కలుస్తున్నాయో లేదో ముందే చూసుకోండి

అసలు పరిశీలన మొదలుపెట్టకముందే ఇద్దరూ ఒకే వీడియోను విడివిడిగా, ఒకరి షీటు ఒకరికి కనపడకుండా నమోదు చేయండి. తర్వాత పోల్చండి. నూటికి తొంభై కలిశాయి కదా అని సంతోషపడే ముందు ఒక లెక్క వేయాలి.

పక్షి ఎక్కువసేపు తల కిందికే పెట్టుకుని ఉందనుకోండి. ఇద్దరూ 100 క్షణాల్లో 80 సార్లు ‘కింద’, 20 సార్లు ‘పైన’ అని రాశారు. ఇద్దరూ వీడియో చూడకుండా అదే నిష్పత్తిలో కళ్లు మూసుకుని టిక్కులు పెట్టినా 0.8 × 0.8 + 0.2 × 0.2 = 0.68, అంటే నూటికి 68 కలుస్తాయి. కాబట్టి 90లో యాదృచ్ఛికంగా కలిసేవి తీసేస్తే (0.90 – 0.68) ÷ (1 – 0.68) = 0.69 మిగులుతుంది. దీన్నే కోహెన్ కప్పా అంటారు. 0.8 దాటితే నిశ్చింతగా ముందుకెళ్లవచ్చు. 0.6కూ 0.8కీ మధ్య ఉంటే ఏ క్షణాల్లో విభేదించారో వీడియోలో చూసి నిర్వచనాన్ని బిగించండి. అంతకన్నా తక్కువైతే నిర్వచనాన్నే తిరగరాయండి.

కప్పాను ఒక్కో జాతికి విడిగా లెక్కించండి. పావురాల్లో 0.85, గోరింకల్లో 0.55 వచ్చిందంటే చిన్న పక్షి మెడను దూరం నుంచి సరిగా చూడలేకపోతున్నారన్నమాట. రెండింటినీ కలిపి లెక్కిస్తే ఈ లోపం దాగిపోతుంది.

తోడు ఎవరూ దొరకకపోతే మీ వీడియోనే రెండు మూడు వారాల తర్వాత పాత షీటు చూడకుండా మళ్లీ నమోదు చేసి పోల్చుకోండి. ఇది మీరు నిలకడగా ఉన్నారని మాత్రమే చెబుతుంది. నిలకడగా తప్పు చేయడం కూడా సాధ్యమే.

6. పరిశీలన మొదలుపెట్టండి

ప్రతి షీటు పైన తేదీ, సమయం, చోటు, జాతి, గుంపులో ఎన్ని పక్షులు, ఎంచుకున్న పక్షి గుంపు అంచున ఉందా మధ్యలో ఉందా, నేల మీద తిండి ఎంత ఉంది, దగ్గరలోని చెట్టో గోడో ఎంత దూరం, మనుషులు గానీ కుక్కలు గానీ వచ్చాయా అన్నవి రాయండి. ఇవి అలంకారానికి కాదు. అంచున ఉన్న పక్షులు మధ్యలో ఉన్నవాటి కన్నా ఎక్కువగా తల ఎత్తుతాయని చాలా జాతుల్లో చూశారు. తిండి సంగతి ఇంకా చిక్కైనది. తిండి ఎక్కువ ఉన్న చోటే పెద్ద గుంపు చేరుతుంది, తిండి ఎక్కువ ఉంటే తల ఎక్కువసేపు కిందికే ఉంటుంది. అంటే గుంపు వల్ల వచ్చిందనుకున్న తగ్గుదల తిండి వల్ల వచ్చి ఉండవచ్చు. తిండిని నమోదు చేసుకోనివారికి ఈ రెంటినీ విడదీసే మార్గం ఉండదు.

మీరు చేరాక పక్షులు మిమ్మల్ని పట్టించుకోవడం మానేసేదాకా ఆగి అప్పుడు టైమర్ నొక్కండి. రెండు జాతులకూ ఒకే దూరం పాటించాలని కొందరు పట్టుబడతారు. నా సలహా వేరు: ఏ జాతి ఎంత దూరంలో మిమ్మల్ని చూసి మేత ఆపుతోందో ముందుగా చూసుకుని, రెండింటికీ ఆ దూరం కన్నా బాగా వెనకే కూర్చోండి. ఒక జాతిని పొద్దున్నే, ఇంకోదాన్ని సాయంత్రం చూడకండి. ఒకే గంటలో ఒకసారి ఇది, ఒకసారి అది అన్నట్టు మార్చి మార్చి చూడండి, లేకపోతే జాతి తేడా ఏదో వేళ తేడా ఏదో తెలియదు.

హెచ్చరికలు: గూళ్ల దగ్గరికి, పిల్లలతో ఉన్న జంతువుల దగ్గరికి వెళ్లకండి. గింజలు చల్లి గుంపును పెంచకండి. రికార్డు చేసిన కూతలు వినిపించి పక్షులను రప్పించడం సంతానోత్పత్తి కాలంలో వాటికి నిజంగా హాని చేస్తుంది. క్షీరదాలను గమనించేటప్పుడు కరిస్తే రేబిస్ ప్రమాదం ఉందని గుర్తుంచుకుని దూరంగా ఉండండి. గుంపు మీ వల్లే ఎగిరిపోతే ఆ పరిశీలనను కొట్టేయండి, కానీ ఎన్నిసార్లు అలా జరిగిందో రాసుకోండి.

7. ప్రయోగం పెట్టాలనుకుంటే

చూడడంతో సరిపెట్టుకోకుండా రెండు జాతులకు ఒకే పరీక్ష పెట్టాలనుకునేవారు ఈ భాగాన్ని నిదానంగా చదవాలి, ఎందుకంటే ఒకే పరీక్ష రెండు శరీరాలకు ఒకటే కాదు.

గిబ్బన్లు తెలివిలో ఇతర వానరాల కన్నా వెనకబడ్డాయని ఒకప్పుడు అనుకునేవారు, నేల మీద పరిచిన తాడు లాగి తిండి తెచ్చుకోలేకపోయేవి కాబట్టి. వాటి చేతివేళ్లు కొమ్మలకు వేలాడడానికి కొక్కేల్లా పొడవుగా ఉంటాయి, చదునైన నేల మీది తాడును పట్టడం వాటికి కష్టం. 1967లో బెంజమిన్ బెక్ తాళ్లను నేల నుంచి పైకి ఎత్తి కట్టగానే గిబ్బన్లు పని చేసి చూపించాయి. ఏనుగుల సంగతీ ఇలాంటిదే. అందని తిండిని కర్రతో లాక్కోవాలనే పరీక్షలో అవి ఆసక్తి చూపలేదు. తొండంతో కర్ర పట్టుకుంటే ఆ తొండంతోనే వాసన చూడడం, తాకి చూడడం కుదరదు. వాషింగ్టన్ జంతు ప్రదర్శనశాలలోని కందుల అనే ఆసియా ఏనుగు మాత్రం ఒక పెద్ద ఘనాకారపు పెట్టెను దొర్లించుకుని వచ్చి, దాని మీద కాలు పెట్టి ఎత్తులోని తిండిని అందుకుంది. ఆ ఫలితం 2011లో వెలువడింది.

అద్దం పరీక్షలోనూ ఇదే చిక్కు. 1970లో గోర్డన్ గ్యాలప్ చింపాంజీలకు ఈ పరీక్ష పెట్టాడు, అవి తమ ముఖం మీది మచ్చను అద్దంలో చూసి తడుముకున్నాయి. కుక్కలు అలా చేయవు, కానీ కుక్క ప్రపంచం కంటి కన్నా ముక్కుతో ఎక్కువగా నడుస్తుంది. పరీక్ష పెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి: ఈ జంతువు దీన్ని గ్రహించగలదా, దీన్ని చేయడానికి తగిన అవయవం దానికి ఉందా, ఈ బహుమతి దానికి కావాలా? వీటిని తేల్చడానికి అసలు పరీక్షకు ముందు ఒక తేలిక పరీక్ష పెట్టండి. తాడును పట్టి లాగడమే రాని జంతువును ఏ తాడు లాగాలో తెలుసా అని అడిగి లాభం లేదు.

మీరు తెలియకుండా ఇచ్చే సంకేతాలు రెండో ప్రమాదం. బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలకు గిట్టతో నేలను తట్టి జవాబు చెప్పేది. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ దాన్ని పరీక్షించి, ప్రశ్న అడిగిన మనిషికి జవాబు తెలియనప్పుడు గుర్రానికీ తెలియడం లేదని 1907లో ప్రచురించిన పుస్తకంలో చూపించాడు. సరైన సంఖ్య రాగానే ఆ మనిషి తల రవ్వంత కదిలేది, గుర్రం ఆ కదలికను చూసి ఆపేది. అందుకే పరీక్ష పెట్టే మనిషికి సరైన జవాబు ఏ వైపు ఉందో తెలియకుండా ఏర్పాటు చేయండి. అది కుదరకపోతే జంతువుకు కనపడకుండా తెర వెనక ఉండండి, అదీ కుదరకపోతే కనీసం వీడియోను నమోదు చేసే మనిషికి ఆ సంగతి తెలియనివ్వకండి. మన పావురాల ఉదాహరణలో, వీడియోను ఒకే పక్షి కనపడేలా కత్తిరించి రెండో మనిషికి ఇస్తే గుంపు పెద్దదో చిన్నదో అతనికి తెలియదు. కొద్దిపాటి శ్రమే, కానీ ఫలితం విలువ ఎంతో పెరుగుతుంది.

8. లెక్కలు

ముందుగా ఒక్కో పక్షికి ఒక్క సంఖ్య తీయండి. 30 నమోదుల్లో 4 ‘కనిపించలేదు’ అయితే మిగిలినవి 26. వాటిలో ముక్కు ఖాళీగా తల పైన ఉన్నవి 9 అయితే 9 ÷ 26, అంటే 0.35. ‘కనిపించలేదు’ను తీసేయకుండా భాజకంలో ఉంచితే పొదల మధ్య మేసే పక్షులన్నీ నిర్భయంగా ఉన్నట్టు తేలుతుంది.

నాకు పంపిన లెక్కల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు ఇక్కడే ఉంటుంది. 6 పక్షులను చూసి, ఒక్కోదానికి 30 నమోదులు కాబట్టి 180 నమూనాలున్నాయని గణాంక పరీక్షకు ఇస్తారు. ఒకే పక్షి 10 సెకన్ల క్రితం ఏ స్థితిలో ఉందో ఇప్పుడూ అదే స్థితిలో ఉండే అవకాశం ఎక్కువ. ఆ 30 నమోదులు 30 విడి సాక్ష్యాలు కావు. మీ నమూనా 6 మాత్రమే. స్టువర్ట్ హర్ల్‌బర్ట్ 1984లో పర్యావరణ ప్రయోగాల్లో ఈ తప్పును ఎత్తిచూపి దానికి సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టాడు, అయినా అది ఇప్పటికీ పోలేదు.

తర్వాత గ్రాఫు గీయండి. అడ్డంగా గుంపులోని పక్షుల సంఖ్య, నిలువుగా తల ఎత్తిన వంతు, ఒక్కో పక్షికి ఒక్కో చుక్క, జాతికొక రంగు. సగటులు మాత్రమే చూపించే కడ్డీ పటాలు వద్దు. చుక్కలు చూస్తే ఎక్కడో దూరంగా ఉన్న ఒకే ఒక్క పక్షి రేఖను తన వైపు లాగుతోందో లేదో తెలిసిపోతుంది. రెండు జాతుల రేఖల వాలును పోల్చండి. గణాంకశాస్త్రం తెలిసినవారు తిండి పరిమాణం, అంచు స్థానం కూడా చేర్చి మిశ్రమ నమూనాలు (మిక్స్‌డ్ మోడల్స్) వేయవచ్చు. తెలియనివారు తిండి ఒకే స్థాయిలో ఉన్న షీట్లను మాత్రమే విడిగా తీసి అదే గ్రాఫు మళ్లీ గీస్తే చాలు.

9. ఫలితాన్ని సరిచూసుకోండి

నివేదిక రాసే ముందు ఈ పరీక్షలు పెట్టండి. మీ షీట్లను తేదీ ప్రకారం సగానికి విడగొట్టి, మొదటి సగంలో కనిపించిన తీరు రెండో సగంలోనూ ఉందో చూడండి. లేకపోతే పని సాగేకొద్దీ మీ టిక్కులు మారిపోయి ఉండవచ్చు, లేదా రుతువు మారి ఉండవచ్చు. మొదటి వారపు వీడియోను మళ్లీ నమోదు చేస్తే ఈ రెంటిలో ఏదన్నది తేలుతుంది. ప్రతి చోటునూ ఒక్కొక్కటిగా తీసేసి గ్రాఫు గీయండి. ఒక్క చోటు తీసేయగానే తేడా మాయమైతే అది జాతి సంగతి కాదు, ఆ చోటి సంగతి. మధ్యలో ఆపేసిన పరిశీలనలు ఒక జాతిలోనే ఎక్కువగా ఉన్నాయా చూడండి. గోరింకలు తొందరగా ఎగిరిపోయి, ఐదు నిమిషాలూ నిలిచినవే మీ లెక్కలోకి వచ్చి ఉంటే, మీరు ధైర్యంగల గోరింకలను మాత్రమే కొలిచారు.

చివరగా, రాసిన ముగింపులో జంతువు మనసు గురించిన మాటలకు గీత గీయండి. అంతకన్నా సరళమైన ప్రక్రియతో వివరించగలిగినదాన్ని ఉన్నతమైన మానసిక శక్తికి ఆపాదించవద్దని లాయిడ్ మోర్గన్ 1894లో పెట్టిన నియమం ఇక్కడ పనికొస్తుంది. ‘గోరింకలు తోటి పక్షులను నమ్ముతాయి’ అన్నచోట ‘తోటి పక్షుల సంఖ్య పెరిగినప్పుడు గోరింకలు తల ఎత్తే వంతు తగ్గింది’ అని రాయండి. అయితే ఈ నియమాన్ని అవతలి చివరకూ లాగకండి. మీ కొలత ఏదో ఒక సామర్థ్యాన్ని చూపించలేదంటే ఆ జంతువులో అది లేదని రుజువైనట్టు కాదు. తేడా ఏదీ కనిపించకపోతే ‘తేడా లేదు’ అని కాక ‘ఇన్ని పక్షులతో, ఈ పద్ధతిలో తేడా కనిపించలేదు’ అని రాసి, ఎన్ని షీట్లు కొట్టేశారో, ఇద్దరి మధ్య కప్పా ఎంత వచ్చిందో ఆ పక్కనే ఇవ్వండి.